గోడమీది చెరువు
శిశుతరగతి గదికి చేతితో చేయదగిన అలంకారములు

బడిలో క్రొత్తగా చేరిన నాలుగేండ్ల బిడ్డకు పుస్తకము చదువుట రాదు. అయినను ఆ బిడ్డ గదిలో అడుగిడిన క్షణము నుండియు చదువుచునే యుండును. గోడమీది బొమ్మను చూచును. దానిక్రింద గుండ్రముగా వ్రాసిన అక్షరములను చూచును. ఆ రెంటికి నేదియో చుట్టరికము కలదని ఒకరు చెప్పకయే గ్రహించును. తెలుగు రాష్ట్రములలో పెరుగు బిడ్డకు ఈ అక్షరములు అంగడి పలకలమీదను, బస్సుల నొసటను, గోడప్రకటనలలోను ఎల్లెడల ఎదురగుచుండును. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో, షోలాపురములోనో పెరుగు మన బిడ్డకు ఆ భాగ్యము తక్కువ. ఇంట వినునది తెలుగు; వీధిలో చూచునది వేరొక లిపి. కనుక మన బడులలో శిశుతరగతి గోడయే బిడ్డకు తెలుగు వీధి యనవచ్చును.

ఆ గోడను నేడు మనము దేనితో నింపుచున్నాము? అంగడిలో దొరకు అచ్చుపటములతో. వానిలో బిడ్డ యెన్నడు నెరుగని మంచుగుడిసెయు, ఎలుగుబంటియు నుండును. వానిక్రింద పరాయి మాటలుండును. అవి చెడ్డవని కాదు. కాని వానిని చేసినవారెవరో బిడ్డకు తెలియదు. వానిని ముట్టుకొనుటకు వీలులేదు. ఇంటికి పోయి అవ్వకు చెప్పుటకు వానిలో ఏమియు లేదు. వానికంటె తక్కువ వ్యయముతో, ఇంటిలో పారవేయు వస్తువులతోనే, గది నంతటిని తెలుగుతో అలంకరించు విధమును తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విషయమొకటే యుండవలెను

జర్మనీ దేశస్థుడైన ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లలకై యొక పాఠశాలను స్థాపించి, 1840లో దానికి "కిండర్‌గార్టెన్" అని పేరిడెను. ఆ మాటకు పిల్లల తోట యని యర్థము. తోటలో మొక్కకు మొక్క తోడైనట్లు, తరగతిలోని బొమ్మలు నొకదానితో నొకటి సంబంధము కలిగియుండవలెను. ఒక ప్రక్క విమానము, ఒక ప్రక్క మామిడిపండు, వానినడుమ గడియారము వ్రేలాడుచున్నచో బిడ్డ మనస్సు దేనిపైనను నిలువదు. అందుచేత ఒక కాలమున కొక విషయమును మాత్రమే ఎన్నుకొనుట మేలు. బడులు తెరచిన వెంటనే వానలు వచ్చును గనుక తొలి విషయముగా చెరువును గైకొందము.

చెరువు నెన్నుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. బళ్ళారి, కృష్ణగిరి ప్రాంతములందు చెరువులు లేని గ్రామము నూహించుట కష్టము. కన్నడమువారి కెరెయు మన చెరువును ఒక్క మూలమునుండి పుట్టిన మాటలే. కన్నడమున కకారము నిలిచినచోట తెలుగున చకారము వచ్చినది. వారి కివి మన చెవి యైనది, వారి కై మన చేయి యైనది. మన తామర తమిళమున తామరై, కన్నడమున తావరె. మన నత్త తమిళమున నత్తై; మన కప్ప కన్నడమున కప్పె. ఒడిశాలో చేపను మాఛ యందురు, మహారాష్ట్రమున మాసా యందురు. ఈ జంటమాటలను పిల్లలచే పలికించినచో ఇంటిభాషకును వీధిభాషకును పోరు లేదనియు, రెండును తనవేయనియు బిడ్డకు చిన్ననాడే తెలియును. చీటిపై మాత్రము తెలుగుననే వ్రాయుడు. వీధిలిపి వీధిలో ఎట్లును కనబడును.

అలంకారమునకు మితి

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 2014లో ఒక పరిశీలన ప్రకటించిరి. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠములను నిండుగా అలంకరించిన గదిలోను, కొన్నిటిని బోసిగోడల గదిలోను చెప్పిరి. అలంకరించిన గదిలో పిల్లల దృష్టి నూటికి 38.6 పాళ్ళ కాలము పాఠమునుండి తొలగిపోయినది. బోసిగోడల గదిలో 28.4 పాళ్ళు మాత్రమే. పాఠముపై నడిగిన ప్రశ్నలకు సరియైన సమాధానములు మొదటి గదిలో నూటికి 42, రెండవ గదిలో 55. దీనివలన అలంకారమే కూడదని తలపరాదు. ఎచ్చట నెంత యుండవలెనో ఆలోచింపవలెనని తెలియుచున్నది. నల్లబల్ల యున్న గోడను బోసిగా విడిచిపెట్టుడు. పిల్లలు ఆడుకొను ప్రక్కనున్న గోడ నొక్కదానినే చెరువుగా మార్చుడు. నాలుగైదేండ్ల పిల్లలు ఇంచుమించు మూడున్నర అడుగుల ఎత్తుందురు గనుక బొమ్మలన్నియు నేలనుండి ఒకటిన్నర అడుగులకు పైన, నాలుగడుగులకు లోపల నుండవలెను. పెద్దల కంటికెదురుగా కట్టిన తోరణము పెద్దలకే గాని పిల్లలకు కాదు.

కావలసిన సామగ్రి

కొనవలసినవి నాలుగే: కొంచెము మైదాపిండి, బట్టలకు పెట్టు నీలిమందు, పురికొస, రెండు వెదురుబద్దలు. తక్కినవి ఇంటనే కలవు: పాత వార్తాపత్రికలు, పెండ్లి శుభలేఖలు, అట్టపెట్టెలు, కొబ్బరిచిప్పలు, చీపురుపుల్లలు, చినిగిన చీరలు, బొగ్గు, పసుపు, ఎర్రమట్టి.

జిగురు చేయు విధమిది. ఒక గిన్నె మైదాను ఒక గిన్నె చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, మరగుచున్న మూడు గిన్నెల నీటిలో పోయుచు, సన్నని సెగపై చిక్కబడువరకు త్రిప్పవలెను. చల్లారిన పిమ్మట వాడుకొనవచ్చును. చిటికెడు పటికపొడి వేసినచో త్వరగా చెడదు. పురుగు పట్టకుండుటకై పుస్తకములు కుట్టువారు మైలుతుత్తము కలుపుదురు. అది విషము గావున పిల్లలు ముట్టు జిగురులో ఎన్నడును కలుపరాదు.

రంగులకు పసుపు, ఎర్రమట్టి, నూరిన బొగ్గు చాలును. వీనిని పలుచని జిగురులో కలిపినచో కాగితమునకు పట్టుకొనును. చీపురుపుల్ల కొనకు దూది చుట్టినచో కుంచె యగును. పసుపు ఎండతగులుచోట వెలిసిపోవును గనుక ఆ రంగు వేసిన బొమ్మలను కిటికీకి దూరముగా నుంచుడు. పసుపు పూసిన కాగితముమీద పెద్దవారు సబ్బునీటితో నొక గీత గీచి చూపినచో అది ఎర్రబారును. అది పిల్లలకు గారడివలె నుండి మొదటి విజ్ఞానపాఠము కూడ నగును.

చెరువును కట్టుట

మొదటి వారము నీరు. వార్తాపత్రికలను మూడేసి పొరలుగా అతికించి, ఆరిన పిదప నీలిమందు కలిపిన నీటిని పైపూతగా పూయుడు. లేదా నీలిరంగు పాతచీర సగమును గోడకు వదులుగా వ్రేలాడదీయుడు. గాలికది కదలినప్పుడు అలలవలె కనబడును.

ఆకులను, పూవులను పిమ్మట చేయవలెను. అట్టపై పళ్ళెము బోర్లించి గీత గీచినచో గుండ్రని ఆకు వచ్చును. ఇచ్చట నొక భేదమును పిల్లలకు చూపవలెను. తామరాకు చీలిక లేకుండ గుండ్రముగా నుండి నీటికంటె పైకి లేచి నిలుచును. కలువాకునకు అంచునుండి తొడిమవరకు నొక చీలిక యుండును. అది నీటిపై తేలుచుండును. కావున కొన్ని ఆకులను చీల్చి నీటికి అంటించుడు. కొన్నిటిని చీల్చక పుల్లలకు కట్టి పైకి నిలుపుడు. ఈ భేదమును చేతులతో చేసిన బిడ్డ కలువను తామర యనడు.

రెండవ వారము చేపలు. శుభలేఖ అట్ట గట్టిది, రంగైనది. దానిని చేప యాకారమున కత్తిరించి పురికొసతో వెదురుబద్దకు వ్రేలాడదీయుడు. మన శుభలేఖలపై తెలుగు అక్షరములు పెద్దవిగా అచ్చువేయబడి యుండును. ఆ యక్షరములను విడిగా కత్తిరించి దాచుడు. అవి మనకు వెలలేని అచ్చుగూడు.

మూడవ వారము జీవులు. తాబేటికి జిగురుతో పనిలేదు. అట్టపై తల, తోక, నాలుగు కాళ్ళు గల ఆకారమును కత్తిరించి, నడుమ "తాబేలు" అని వ్రాసి, దానిపై కొబ్బరిచిప్పను బోర్లించుడు. చిప్ప అంచును పెద్దలు ముందుగా గరుకుకాగితముతో నునుపు చేయవలెను. చిప్ప నెత్తిన బిడ్డకు క్రింద పేరు కనబడును. ఎన్నిమా రెత్తునో అన్నిమారులు చదువును. కప్పకు మడతగల శుభలేఖయే నోరు: మడతపై రెండు కన్నులు, లోపల ఎర్రకాగితపు నాలుక, నాలుకపై "కప్ప" యను మాట. నత్తకు రెండు వ్రేళ్ళ వెడల్పుగల కాగితపు పట్టీని చుట్టచుట్టి కొన నతికించిన చాలును. ఆ చుట్టు చుట్టిన వ్రేలికి మన గుండ్రని అక్షరములు తరువాత సులువగును. కొంగకు చీపురుపుల్లలే కాళ్ళు. వాని కొనలకు గుడ్డపేలిక చుట్టుట మరువరాదు.

నాలుగవ వారము పేర్లు. ప్రతి బొమ్మకును ఒక మాట, ప్రతి అక్షరమునకును కనీసము మూడంగుళముల ఎత్తు. వాక్యములు వలదు. మొదట మాట మొత్తమును బొమ్మగా చూచి గుర్తించి, తరువాత కప్పలోను కలువలోను మొదట నున్నది ఒకే అక్షరమని బిడ్డ తానే కనుగొనవలెను.

జాగ్రత్తలు

గుండుసూదులను, మేకులను పిల్లల కందుచోట వాడరాదు. పూసలు, చింతగింజలు మొదలగువానిని చిన్నపిల్లలు ముక్కులో దూర్చుకొందురు గనుక అవి వలదు. అందముగా నున్నవని గురివిందగింజలను ఎట్టిపరిస్థితులలోను తేరాదు; వానిని నమలుట ప్రాణాపాయము. తడి యారని కాగితము బూజు పట్టును గావున ప్రతి పొరను ఎండలో ఆరబెట్టుడు. కత్తెర పని పెద్దలది. చించుట, చుట్టుట, అతికించుట పిల్లలవి. వంకరగా వచ్చిన చేపను సరిదిద్దవలదు. అందమైన చేపలు అంగడిలో కలవు. బిడ్డ చేసిన చేప ఈ గోడపై మాత్రమే కలదు.

ఇంటివారు చేయవలసినది

పై పనులన్నియు ఉపాధ్యాయులు ఒంటరిగా చేయగలిగినవే. ఇంటివారు మాత్రమే చేయగలిగినది ఒకటి కలదు. చేపల వారమున ప్రతి బిడ్డయు ఇంటినుండి ఒక్క పేరు తేవలెను. ఇంట నవ్వయో, తాతయో యుండినచో వారిని అడుగుడు. ఒకరు కొర్రమీను అందురు, ఒకరు జెల్ల యందురు, వేరొకరు వాలుగ యనియు, బొచ్చె యనియు చెప్పుదురు. చేపలు తినని యింటివారు నీటితావుల పేర్లు చెప్పవచ్చును: కుంట, కొలను, కోనేరు, మడుగు, దొరువు. ఆ పేరును వారు పలికినట్లే చీటిపై వ్రాసి బిడ్డ చేపకు కట్టుడు. పాఠ్యపుస్తకమున లేని మాట యని దిద్దవలదు. తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మన యిండ్లలో పుస్తకముల కెక్కని మాటలు పెద్దల నోట నున్నవి. వారితో అవి పోవును. ఇరువదియైదు మంది పిల్లలున్న తరగతిలో ఇరువదియైదు మాటలు గోడకెక్కినచో, అది అలంకారముతోపాటు ఒక చిన్న నిఘంటువు కూడ నగును. చెరువును తీసివేయునప్పుడు ఆ చీటీల నొక పుస్తకముగా కుట్టి బడిలో దాచుట యుక్తము.

ఇంత శ్రమ యెందులకని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. రేపు ఒకటవ తరగతిలో ఏ మాధ్యమమున చేర్పింపవలెనో యను ప్రశ్న ప్రతి యింటను కలదు. బ్రతుకుతెరువును గూర్చిన ఆ చింత తేలికగా త్రోసివేయదగినది కాదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. సాధ్యమైనచోట నెల్ల కనీసము ఐదవ తరగతివరకు ఇంటిభాషయే బోధనభాషగా నుండవలెనని 2020నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. కాని చట్టము తలుపు తెరువగలదే గాని బిడ్డను లోపలికి పిలువజాలదు. పిలువవలసినది మనము. ఐదేండ్లు నిండకమునుపే తెలుగు అక్షరము బిడ్డకు తాను చేసిన తాబేటి క్రింద దాగిన స్నేహితుడైనచో, తరువాత ఏ మాధ్యమమున చదివినను ఆ స్నేహము విడువదు. అది పరీక్షకొరకు మోయవలసిన బరువుగా మాత్రమే పరిచయమైనచో, మొదటి యవకాశముననే దించివేయును. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాటకు ఇదియే యర్థము.

ఆరు వారములు గడచిన పిదప చెరువును విప్పి, ఎవరి చేపను వారికిచ్చి ఇంటికి పంపుడు. దానిని ఇంటిగోడపై బిడ్డ కంటి యెత్తున కట్టుడు. బడిలో ఖాళీయైన గోడకు మరుసటి విషయముగా సంతను గైకొనవచ్చును; కూరగాయల పేర్లకును, కొలతల పేర్లకును అవ్వలు మరల సిద్ధముగా నుందురు. ఈ వారము బడికి వచ్చునప్పుడు తల్లిదండ్రులు ఇంటనున్న పాత శుభలేఖలను, రెండు కొబ్బరిచిప్పలను మరువక తేవలెనని ప్రార్థన.