చర్య ఆగదు, బిడ్డా

డిచ్‌పల్లి
ఆదివారం పొద్దున

చిరంజీవి చిన్నికి,


నీ ఉత్తరం గురువారం అందింది. మీ అమ్మ కూడా ఫోన్లో నీ సంగతులు చెప్పింది. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నావట. పొద్దున టిఫిన్ కూడా ముట్టకుండా క్లాసుకు పోతున్నావట. కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తేనే ఏడుపొస్తోందన్నావట. వినగానే మనసు కలుక్కుమంది. కానీ బిడ్డా, నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. నీ ఉత్తరం రెండో పేజీలో, ‘సమతాస్థితి వచ్చాక చర్య ఆగిపోతుంది, ఆ తర్వాత సూత్రంలో అంకెలు వేయడమే’ అని రాశావు.

ఆగదు చిన్నీ. చర్య ఆగదు. అది ఆగిందని మనసులో పడిపోతే ఆ పాఠంలో మిగిలినదేదీ తలకెక్కదు. నీకు చదువు రాక కాదు, మొదటి మెట్టు దగ్గరే ఎవరో నీకు తొందరతొందరగా చెప్పి వెళ్ళిపోయారు. నేను ఇన్నేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పింది, నా మనవరాలు ఈ మెట్టు మీద ఆగిపోతే చూస్తూ ఊరుకోవడానికా?

మార్చిలో నిజామాబాదు మార్కెట్ యార్డు ఎట్లుంటదో నీకు నేను చెప్పాలా, మీ తాత చెయ్యి పట్టుకొని తిరిగినదానివి. ఒకవైపు ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్లు పసుపు బస్తాలు దించుతుంటాయి, ఇంకోవైపు లారీలు ఎత్తుకుపోతుంటాయి. దిగేవెన్నో ఎత్తేవీ అన్నే అయిన రోజు షెడ్డులో నిల్వ పొద్దున ఎంతో సాయంత్రానికీ అంతే. దూరం నుంచి చూసినవాడికి బేరం బందైనట్టే కనబడుతుంది. లోపల హమాలీల ఒంటి మీద చెమట ఆరదు. సమతాస్థితి అదే. ముందుకు పోయే చర్య వేగం, వెనక్కి వచ్చే చర్య వేగం సమానమయ్యాయి, అంతే. సమానమయ్యేది వేగాలు, పదార్థాల మోతాదులు కావు. ఈ ఒక్క వాక్యం నీ నోట్సు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి పెట్టుకో.

అణువుల రాకపోకలు ఎవరు చూశారంటావా? ఆ మాట అడగడమే సైన్సు. ఉప్పు ఇక కరగనంత దాకా కలిపిన నీళ్ళున్నాయనుకో, అడుగున గట్టి ఉప్పు మిగిలే ఉంది. పైకి అంతా నిశ్చలం. ఆ అడుగు ఉప్పు తీసి, దాని బదులు రేడియోధార్మిక పరమాణువులున్న అదే ఉప్పు వేస్తే, కరిగిన ఉప్పు మోతాదు పెరగదు గానీ కాసేపటికి పైనున్న నీళ్ళలోనూ రేడియోధార్మికత కనబడుతుంది. కిందివి పైకి పోతున్నాయి, పైవి కిందికి వస్తున్నాయన్నమాట. ఇట్లా పరమాణువులకు ఆనవాలు పెట్టి వాటి దారి పట్టుకునే పద్ధతి కనిపెట్టినందుకే జార్జ్ హెవెశీకి 1943 నోబెల్ బహుమతి ఇచ్చారు.

ముందు లేచి అన్నం తిను, తర్వాత మిగతాది చదువు. నిజంగానే అంటున్నాను. ఖాళీ కడుపుతో ఏ పాఠమూ ఎక్కదు.

తిన్నావా? ఇప్పుడు మన ఇంటి పసుపు సంగతికొస్తాను. నేను పంపిన డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి కొద్దిగా సానిటైజర్‌లో కలుపు. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, సానిటైజర్‌లోని స్పిరిట్‌లో కరుగుతుంది. అందులో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టి, సన్నని ముక్కలుగా కోసుకో. ఒక ముక్క మీద తేట సున్నపునీరు చుక్క వెయ్యి. ఇటుక ఎరుపు తిరుగుతుంది. అదే చోట నిమ్మరసం చుక్క వెయ్యి, పచ్చబడుతుంది. మళ్ళీ సున్నం, మళ్ళీ ఎరుపు. నీ తెల్ల యూనిఫాం మీద పప్పు మరక సబ్బు తగలగానే ఎర్రబడి, బాగా జాడిస్తే మళ్ళీ పచ్చబడటం నువ్వు చూసిందే. కర్కుమిన్ అణువు హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని ఉంటే పచ్చన, వదిలేస్తే ఎరుపు. సున్నం ఆ అయాన్లను లాక్కుంటుంది, సమతాస్థితి ఎరుపు వైపు జరుగుతుంది. నిమ్మకాయ అయాన్లను తెచ్చి పోస్తుంది, పసుపు వైపు తిరిగొస్తుంది. 1884లో ఫ్రాన్సు రసాయనవేత్త లీ షాట్లియర్ చెప్పింది ఇదే. సమతాస్థితిలో ఉన్నదాన్ని నువ్వు కదిపితే, ఆ కదిపినదాని ప్రభావం తగ్గే వైపుకు అది జరుగుతుంది. నీ పుస్తకంలో అర పేజీ నిర్వచనంగా ఉన్నది మనింట్లో ప్రతి పెళ్ళికీ పసుపు, సున్నం కలిపి కాళ్ళకు పెట్టే పారాణిలో ఉంది.

అయితే ఒక జాగ్రత్త. సున్నం చుక్క వేసిన కాగితాన్ని తడి ఆరకుండా చాలాసేపు అట్లాగే ఉంచి, అప్పుడు నిమ్మరసం వేసి చూడు. ముందటి నిండు పసుపు రాదు, వెలిసిపోయి వస్తుంది. క్షారంలో కర్కుమిన్ మెల్లమెల్లగా విరిగిపోతుంది, ఫెరూలిక్ ఆమ్లం, వెనిలిన్ లాంటివి తయారవుతాయి. వాటిని మళ్ళీ కర్కుమిన్‌గా చేసే దారి ఆ చుక్కలో లేదు. ఒకే చోట, ఒకే పదార్థంలో, తిరిగొచ్చే మార్పూ తిరిగిరాని మార్పూ పక్కపక్కనే నడుస్తున్నాయి. రంగు తిరిగొచ్చింది కదా అని అంతా తిరిగొచ్చిందనుకోవద్దు.

మా అమ్మ కుంకుమ ఇంట్లోనే చేసేది. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, వెలిగారం, పటిక కలిపి నానబెట్టి, నీడన ఆరబెట్టి, దంచి జల్లెడ పట్టేది. పదేళ్ళ పిల్లనప్పుడు నేను ఆమె ప్రాణం తీసేదాన్ని. ‘నిమ్మరసం పారాణిని పచ్చగా చేస్తుంది కదా, మరి కుంకుమలో నిమ్మరసమే పోస్తే ఎర్రగా ఎట్లయితది?’ అని. ఆమె ‘అమ్మవారి మహిమ, పో’ అనేది. చాలా ఏళ్ళకు తెలిసింది, అది వెలిగారం పని. ఆమ్లం సమక్షంలో అందులోని బోరాన్ కర్కుమిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఆ ఎరుపు నిమ్మకాయకు లొంగదు. రెండు ఎరుపులూ కంటికి ఒకటే, లోపలి సంగతి వేరు. నా బుర్రలో కెమిస్ట్రీ మొలిచింది ఆ జల్లెడ దగ్గరే.

పొలంలో పసుపు ఉడకబెట్టే రోజులు కూడా గుర్తొస్తున్నాయి. పెద్ద కడాయి, కింద మంట, పైన గోనెపట్టా. నురగ పొంగి, తెల్లటి ఆవిరి లేచి, ఆ ఘాటు వాసన వాగు దాకా పోయేది. మా బాపు పుల్లతో కొమ్మును గుచ్చేవాడు, మెత్తగా దిగితే ‘దించుండ్రి’ అనేవాడు. ఉడికిన కొమ్ములో పిండి జిగురై కుదురుకుంటుంది, ఎంత ఆరబెట్టినా మళ్ళీ పచ్చికొమ్ము కాదు. సమీకరణంగా రాస్తే అది ఒకవైపు బాణం. ఒకవైపు బాణం ఎక్కడ గీయాలో తెలిసినవాడికే రెండువైపుల బాణం విలువ తెలుస్తుంది.

బాణం అంటే గుర్తొచ్చింది. నీ ఉత్తరంలో అమ్మోనియా సమీకరణం రాశావు, మధ్యలో బాణం ఒకవైపే గీశావు. ఎంత బాధేసిందో చెప్పలేను. ఆ ఎదురుబొదురు బాణాల గుర్తును 1884లో వాడుకలోకి తెచ్చిన వాంట్ హాఫ్‌కు 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ దక్కింది. ఆ రెండో గీత గీయడానికి నీకు అర సెకను పట్టదు. గీయకపోతే ఆ సమీకరణం చెప్పేదే మారిపోతుంది.

అమ్మోనియా సంగతే చూడు. నైట్రోజన్ ఒకవంతు, హైడ్రోజన్ మూడువంతులు కలిస్తే అమ్మోనియా రెండువంతులు. నాలుగు రెండవుతున్నాయి కాబట్టి ఒత్తిడి పెంచితే అమ్మోనియా వైపు జరుగుతుంది. వేడి పుట్టించే చర్య కాబట్టి చల్లగా ఉంచితే ఇంకా మంచిది. మరి చల్లగా ఉంచితే? చర్య కదలనే కదలదు. ఇక్కడే మీ కాలేజీలో ఇచ్చిన షార్ట్‌కట్ కాగితం నిన్ను మోసం చేస్తుంది. ‘ఉష్ణం పెంచితే వెనక్కి’ అని ఒక్క ముక్క ఇచ్చి వదిలేస్తుంది. ఎంత అమ్మోనియా వస్తుందన్నది ఒక ప్రశ్న, ఎంత త్వరగా వస్తుందన్నది ఇంకో ప్రశ్న. లీ షాట్లియర్ స్వయంగా 1901లో అమ్మోనియా చేయబోతే పేలుడు జరిగి వదిలేశాడు. 1909లో జర్మనీలో హేబర్ సాధించాడు, 1913లో బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇనుము ఉత్ప్రేరకం, 400 డిగ్రీలకు పైన వేడి, 200 అట్మాస్ఫియర్ల దరిదాపు ఒత్తిడి. ఇంత చేసినా వాయువులు ఒకసారి ఉత్ప్రేరకం మీదుగా పోతే ఏ 15 శాతమో మారుతుంది. వచ్చిన అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేస్తారు, మిగిలిన వాయువుల్ని మళ్ళీ లోపలికి పంపుతారు. తీసేస్తున్న కొద్దీ చర్య ముందుకే నడుస్తుంది. ఉత్ప్రేరకం మాత్రం సమతాస్థితిని ఎటూ జరపదు, రెండు వేగాల్నీ పెంచి తొందరగా అక్కడికి చేరుస్తుంది. పరీక్షలో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే.

ఇదంతా ఎక్కడో జర్మనీలో అనుకోకు. మన రామగుండంలో 1999లో మూతపడ్డ ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో కట్టిన కొత్తది 2021లో మొదలైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యంతో. అమ్మోనియాతో కార్బన్ డైయాక్సైడ్ కలిసి యూరియా అవడమూ ద్విగత చర్యే, రెండువైపులా నడిచేదే. మీ మామ పసుపు చేనులో చల్లే గుప్పెడు యూరియా వెనక ఇన్ని జంట బాణాలున్నాయి.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా లెక్చరరమ్మ సీలు చేసిన రెండు గాజు గొట్టాలు తెచ్చింది. రెండింట్లోనూ నైట్రోజన్ డైయాక్సైడ్, ఒకే గోధుమ రంగు. ఒకదాన్ని వేడినీళ్ళలో పెట్టింది, చిక్కటి గోధుమ. ఇంకోదాన్ని ఐసులో పెట్టింది, రంగు వెలిసిపోయింది, అణువులు జంటలు కట్టి రంగులేని వాయువయ్యాయి. తర్వాత గొట్టాలు మార్చింది. రంగులూ మారాయి. క్లాసంతా నోరు తెరిచి చూశాం. ఏ పుస్తకమూ నాకు అంత చెప్పలేదు. నీకు అట్లాంటి పూట ఒక్కటి కూడా దొరకలేదని నా బెంగ. అందుకే ఇంత రాస్తున్నాను. విసుక్కోకు తల్లీ.

ఇంకో జంట బాణం కథ మన ఊళ్ళోనే మొదలుపెడతాను. ఇక్కడి విక్టోరియా ఆసుపత్రి ముందు నుంచే నువ్వు బడికి పోయేదానివి. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసాబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం కట్టించింది, ఖర్చుకు రాజా నర్సా గౌడ్ చెయ్యి అందించారు. ఆ రోజుల్లో కుష్ఠుకు దిక్కు చాల్‌మూగ్ర నూనె. చిక్కటి నూనె, సూదితో ఎక్కిస్తే ఒంట్లో కలవదు, గడ్డకట్టి నొప్పి. 1915లో హవాయిలో ఆలిస్ బాల్ అనే 23 ఏళ్ళ అమ్మాయి ఆ నూనెలోని ఆమ్లాల్ని ఆల్కహాలుతో కలిపి ఎస్టర్లు చేసింది, అవి ఒంట్లో కలిశాయి. మరుసటి ఏడే ఆమె చనిపోయింది. 1940లలో డాప్సోన్ లాంటి మందులు వచ్చేదాకా ఎందరి ప్రాణానికో ఆ ఎస్టర్లే ఆసరా. అది సాధించినప్పుడు ఆలిస్ నీకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అంతే.

ఆమ్లం, ఆల్కహాలు కలిసి ఎస్టరు, నీళ్ళు అవడం కూడా రెండువైపుల బాణమే. బెర్తెలో, సాన్ జిల్ 1862లో ఎసిటిక్ ఆమ్లం, ఇథైల్ ఆల్కహాలు సమానంగా తీసుకుని చూశారు. ఎంత కాలం ఉంచినా మూడింట రెండువంతులకు మించి ఎస్టరు కాలేదు. అటునుంచి, ఎస్టరు నీళ్ళు కలిపి మొదలుపెట్టినా మిశ్రమం అక్కడికే చేరింది. ఎటు నుంచి బయలుదేరినా ఒకే గమ్యం. అందుకే ఎస్టరు ఎక్కువ కావాలంటే ఆల్కహాలు ఎక్కువ పోస్తారు, లేదా నీటిని తీసేస్తారు.

ఇక నేను చెప్పేది చెయ్యి. షార్ట్‌కట్ కాగితం పక్కన పెట్టు. ఏ లెక్క వచ్చినా ముందు మూడు ప్రశ్నలు వేసుకో. ముందుకు ఏం పోతోంది, వెనక్కి ఏం వస్తోంది, నేను మార్చింది ఏమిటి? అప్పుడే సూత్రం ముట్టుకో. పదిన్నరకు లైటు ఆర్పెయ్యి. వారానికొకసారి తలకు నూనె పెట్టుకో, పంపిన నువ్వులుండలు గదిలో అందరికీ పంచి నువ్వూ తిను. ‘బాగున్నాను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు, ఏడుపొస్తే ఏడ్చానని రాయి. మార్కులు ఎన్నొచ్చినా నువ్వు మా ఇంటి పిల్లవే, అందులో ఏ మార్పూ ఉండదు.

వచ్చే ఉత్తరంలో నాకు ఒక లెక్క చేసి పంపు. ఆమ్లం 1 మోలు, ఆల్కహాలు 1 మోలు తీసుకుంటే మూడింట రెండువంతులు మారాయి కదా, సమతాస్థితి స్థిరాంకం ఎంత? ఇప్పుడు ఆల్కహాలు 2 మోళ్ళు పోస్తే ఎస్టరు ఎంత వస్తుంది? లెక్క తప్పినా ఫరవాలేదు, దిద్ది పంపుతాను. జంట బాణం మాత్రం మరచిపోకు.

నీ
అమ్మమ్మ