ల్యాప్‌టాప్ వెలగనప్పుడు

మీట నొక్కినా ల్యాప్‌టాప్ వెలగకపోతే, "మదర్‌బోర్డు పోయింది" అని తీర్పు చెప్పేవాళ్ళు హాస్టల్లో గదికొకరుంటారు. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వవలసిన వారంలో ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కాని వెలగకపోవడం జబ్బు కాదు, లక్షణం మాత్రమే. జ్వరం రాగానే టైఫాయిడ్ అనెయ్యం కదా! గోడ దగ్గర బయలుదేరిన విద్యుత్తు తెర దాకా వచ్చే దారిలో ఎక్కడ ఆగిందో వరుసగా చూసుకుంటూ పోవాలి.

అది అసలు వెలగలేదా, వెలిగినా మనకు కనబడటం లేదా? ముందు ఇది తేల్చుకోవాలి. ఫ్యాను చప్పుడు వినబడినా, క్యాప్స్‌లాక్ నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతున్నా యంత్రం పనిచేస్తున్నట్లే. అప్పుడు ఎల్.సి.డి. తెర మీదికి టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు మసకగా కనబడితే తెర వెనుక వెలుగు మాత్రమే చెడిందన్నమాట. హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఏ టీవీకో కలిపితే ఆ పూటకు పని గడుస్తుంది.

దీపమూ లేదు, చప్పుడూ లేదు అనుకుందాం. అదే సాకెట్టులో సెల్‌ఫోను ఛార్జరు పెట్టి చూడండి. మన ఎక్స్‌టెన్షన్ బోర్డుల సంగతి చెప్పేదేముంది! తర్వాత అడాప్టరు. గోడలోని 230 వోల్టుల ఏ.సి.ని ఇది సాధారణంగా 19 లేక 20 వోల్టుల డి.సి.గా మారుస్తుంది. ఆ అంకె దాని మీదే అచ్చై ఉంటుంది. గుండ్రటి పిన్నయితే ఫిజిక్సు లాబులోని మల్టీమీటరుతో కొలవవచ్చు, రెండు కొనలూ ఒకదానికొకటి తగలకుండా. టైప్-సి అడాప్టర్లను ఇలా కొలవలేం. అవి ల్యాప్‌టాప్‌తో బేరం కుదిరాకే 20 వోల్టులకు ఎక్కుతాయి. అందుకే చిన్న ఫోను ఛార్జరు పెడితే చాలా ల్యాప్‌టాప్‌లు ఒప్పుకోవు.

వేసవి సెలవులంతా మూలపడేసిన యంత్రమైతే లిథియం సెల్లులు బాగా దిగిపోయి ఉంటాయి. ఛార్జికి పెట్టి అరగంట ఆగండి.

ఇక్కడొక విశేషం చెప్పాలి. ల్యాప్‌టాప్ మీట నిజానికి ఫ్యాను స్విచ్చిలాంటిది కాదు. అది తీగలను కలపదు, విన్నపం పంపుతుందంతే. ఆ విన్నపం వినేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు. మనం ఆపేశామనుకున్నా అది కునుకు తీస్తూ మేలుకొనే ఉంటుంది. వోల్టేజి ఎగుడుదిగుడులకో మరెందుకో అది బిగుసుకుపోతే, మనమెంత నొక్కినా వినే నాథుడుండడు! మందు తేలికే. అడాప్టరు తీసెయ్యండి, ఊడదీసే బ్యాటరీ అయితే అదీ తీసెయ్యండి. మీటను 30 సెకన్లు నొక్కి పట్టండి. కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దిగిపోతుంది. తర్వాత ఒక్క అడాప్టరు మాత్రమే కలిపి మీట నొక్కండి. "చచ్చిపోయింది" అనుకున్న యంత్రాలు ఇలా లేచి కూర్చోవడం మామూలే. బ్యాటరీ లోపలే బిగించిన రకాల్లోనూ చాలావాటికిది పనిచేస్తుంది.

దీపం వెలిగి, బీప్ మోతలతో ఆగిపోతే ర్యామ్‌ను అనుమానించాలి. బ్యాటరీ తీగ ఊడదీసి, ర్యామ్‌ను తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెడితే సరిపోవచ్చు. పలుచని రకాల్లో అది బోర్డుకే అతికి ఉంటుంది. అక్కడ మన చేతిలో ఏమీ లేదు.

రెండుచోట్ల మాత్రం సాహసం వద్దు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే ఛార్జి పెట్టకండి, గుచ్చకండి, నిప్పంటుకుంటుంది. టీ ఒలికితే వెంటనే తీగ పీకి ఆపెయ్యండి. "పనిచేస్తోందా?" అని మాటిమాటికీ మీట నొక్కడమే బోర్డును కాల్చేది. బియ్యంలో పాతిపెట్టినా ఒరిగేదేమీ లేదు.

బోర్డు నిజంగానే పోయినా రిపోర్టు పోయినట్లు కాదు. అది ఉండేది ఎస్.ఎస్.డి.లో. విడిగా బిగించిన ఎస్.ఎస్.డి.ని ఊడదీసి యు.ఎస్.బి. డబ్బాలో పెట్టి మరో కంప్యూటరులో చదవవచ్చు. బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని యంత్రం బాగున్నప్పుడే రాసి పెట్టుకోవాలి. రిపేరుకిచ్చేటప్పుడు "ఫార్మాటు చేయరాదు" అని రసీదు మీద రాయించుకోండి.