సున్నా కింద ఏముంది? ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో లింఫ్ గ్రంథుల లెక్క

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కొద్ది రోజులకు పాథాలజీ రిపోర్టు వస్తుంది. ఇంటివాళ్ల కళ్లు కణితి ఎంత పెద్దది అన్న దగ్గరే ఆగుతాయి. డాక్టరు మాత్రం లింఫ్ గ్రంథుల వరుస కోసం వెతుకుతారు. అక్కడ ఒకరికి 0/3 అని, మరొకరికి 0/20 అని ఉందనుకుందాం. ఇద్దరిలోనూ క్యాన్సర్ చేరిన గ్రంథి ఒక్కటీ కనిపించలేదు. అయినా ఆ రెండు సున్నాల విలువ ఒకటి కాదు.

లింఫ్ గ్రంథులు చిక్కుడు గింజ ఆకారంలో ఉండే చిన్న వడపోత కేంద్రాలు. ఊపిరితిత్తి నుంచి బయటికి వచ్చే లింఫ్ ద్రవం వీటి గుండానే సాగుతుంది. కణితి నుంచి విడివడిన కణాలు తరచుగా మొదట చిక్కుకునేది ఇక్కడే. అందుకే వ్యాధి దశను నిర్ణయించే టీఎన్ఎం పద్ధతిలో 'ఎన్' అన్న అక్షరాన్ని వీటికి కేటాయించారు. ఏ గ్రంథిలోనూ వ్యాధి లేకపోతే ఎన్0. అదే వైపు ఊపిరితిత్తి లోపల, దాని మొదలు దగ్గర ఉన్న గ్రంథులకు చేరితే ఎన్1. రెండు ఊపిరితిత్తుల నడుమ భాగంలో, కణితి ఉన్న వైపు గ్రంథులకు చేరితే ఎన్2. అవతలి వైపుకో, కాలర్‌బోన్ పై గ్రంథులకో పాకితే ఎన్3. మెట్టు పెరిగేకొద్దీ ఎక్కువ కాలం బతికే అవకాశం తగ్గుతుంది.

ఇక్కడ చూసేది గ్రంథి ఎక్కడ ఉందన్నదే, ఎన్ని అన్నది కాదు. పెద్దపేగు, జీర్ణాశయ క్యాన్సర్లలో మాత్రం సంఖ్యే లెక్క. ఛాతీ నడుమ ఉన్న గ్రంథులు చాలాసార్లు ముక్కలుగా బయటికి వస్తాయి. ఒకే గ్రంథి మూడు ముక్కలైతే మూడుగా లెక్కపడవచ్చు. సంఖ్యను నమ్మడానికి వెనకాడటానికి ఇదొక కారణం.

అయినా పరిశోధకులు సంఖ్యను వదల్లేదు. వ్యాధి ఉన్న గ్రంథులను, పరీక్షించిన మొత్తం గ్రంథులతో భాగిస్తే వచ్చేది గ్రంథుల నిష్పత్తి. నాలుగింటిలో రెండు అయితే 0.5, ఇరవైలో రెండు అయితే 0.1. ఎన్1, ఎన్2 రోగుల్లో ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం బతికినట్లు పలు అధ్యయనాలు చూపాయి. కానీ 0/3కీ 0/20కీ నిష్పత్తి సున్నాయే. ఈ చిక్కు తప్పించడానికి మరో కొలత ఉంది: వ్యాధి ఉన్నవాటికి అర, లేనివాటికి అర కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి లాగరిథమ్ తీస్తారు. భాగహారం దగ్గరే తేడా తెలిసిపోతుంది. మొదటి రోగికి 0.5/3.5, అంటే 0.14. రెండో రోగికి 0.5/20.5, అంటే 0.024. ఒక అర చేర్చినందుకే ఇంత తేడా!

ఇది కాగితం మీది లెక్కే కదా అనిపించవచ్చు. గ్రంథుల్లో వ్యాధి ఉందని తేలితే ఆపరేషన్ తర్వాత సాధారణంగా కీమోథెరపీ సూచిస్తారు. మూడే చూసి 'లేదు' అంటే, చూడని నాలుగో గ్రంథిలో వ్యాధి ఉన్న మనిషికి ఆ చికిత్స అందకపోవచ్చు. పొరపాటు ప్రతిసారీ ఆపరేషన్ గదిలోనే జరగదు. అమెరికాలోని మెంఫిస్‌లో పరిశోధకులు, మామూలు పరీక్ష పూర్తయ్యాక మిగిలిన ఊపిరితిత్తి భాగాలను మళ్లీ కోసి చూశారు. మొదటిసారి కంటపడని గ్రంథులు అందులో దొరికాయి, కొన్నింటిలో క్యాన్సర్ కూడా ఉంది. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 2017లో చైనా, అమెరికా రోగుల వివరాలతో వచ్చిన మరో అధ్యయనం కనీసం 16 గ్రంథులు పరీక్షించాలని సూచించింది.

అలాగని ఎక్కువ గ్రంథులు తీస్తే చాలు, ఆయుష్షు పెరుగుతుందని కాదు. 2011లో ఫలితాలు ప్రకటించిన ఉత్తర అమెరికా ట్రయల్‌లో, తొలిదశ రోగులకు ముందు పద్ధతిగా నమూనాలు తీసి చూశారు. వాటిలో వ్యాధి లేదని తేలినవారిలో కొందరికి మిగతా గ్రంథులన్నీ తీసేశారు, కొందరికి అంతటితో ఆపారు. రెండు గుంపులూ బతికిన కాలంలో తేడా కనిపించలేదు. ఎక్కువ గ్రంథులు చూడటం వల్ల వచ్చే మేలు ప్రధానంగా సరైన దశ తెలియడమే కావచ్చు.

మన దేశంలో మరో చిక్కుంది. క్షయ వల్ల కూడా ఛాతీలోని గ్రంథులు ఉబ్బుతాయి, పెట్ స్కాన్‌లో మెరుస్తాయి. కాబట్టి స్కాన్ చూసి లెక్క కట్టడం కుదరదు. గ్రంథి మైక్రోస్కోపు కిందికి రావాల్సిందే.

నిష్పత్తి ఎంత దాటితే ప్రమాదం అన్నదానిపై అధ్యయనానికొక గీత ఉంది. అందుకే అది ఇంకా అధికారిక దశల్లో చేరలేదు. 2025లో అమల్లోకి వచ్చిన టీఎన్ఎం తొమ్మిదో కూర్పు మాత్రం ఎన్2ను రెండుగా విడదీసింది: వ్యాధి ఒకే చోటి గ్రంథుల్లో ఉంటే ఎన్2ఎ, ఒకటికి మించిన చోట్ల ఉంటే ఎన్2బి. గ్రంథులను కాకుండా అవి ఉండే చోట్లను లెక్కించడం వల్ల, ముక్కల గొడవ ఇక్కడ రాదు.