నీళ్లను చూస్తూ జింజి కొండలెక్కు

మురుంగపాక్కం, పుదుచ్చేరి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో స్నేహితులతో కలిసి యానాం నుంచి వస్తావనీ, ఒక్క రోజులో జింజి కోట మూడు కొండలూ ఎక్కి రాత్రికల్లా పుదుచ్చేరి చేరుకుంటారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రావడం మామయ్యకు సంతోషమే. ఒక్క రోజులో మూడు కొండలన్న మాట మాత్రం నచ్చలేదు. మీ కాళ్లు తట్టుకోవచ్చు గాని, అలా పరుగులు పెడితే చూడవలసినదంతా చూడకుండానే దిగి వస్తారు. దసరా నెల కూడా ఆ కొండకు సరైన కాలం కాదు. ఆ సంగతి చివర్లో.

జింజిలో మొదట చూడవలసింది నీళ్లు. గోడలు, బురుజులు అందరి కంటా పడతాయి. కానీ ఆ బోడి బండల మీద ఇంతమంది ఏం తాగి బతికారని అడిగేవాళ్లు తక్కువ. 1690లో మొగలాయి సేనాని జుల్ఫికర్ ఖాన్ ఈ కోటను చుట్టుముట్టాడు. లోపల ఉన్నది శివాజీ కొడుకు రాజారాం. 1698 మొదట్లో గాని కోట చిక్కలేదు, అప్పటికే రాజారాం తప్పించుకుపోయాడు. అన్నేళ్లు నిలబడాలంటే ఫిరంగులు ఒక్కటే చాలవు. వానచుక్కను పట్టి దాచుకోవడం తెలిసి ఉండాలి. కోట కట్టినవాళ్లకు అది బాగా తెలుసు.

మురుంగపాక్కంలో హస్తకళల గ్రామం పక్కగా పారే అరియాంకుప్పం ఏరు ఆ కొండల నీళ్లే. జింజి వైపు కొండల్లో పుట్టిన వాగులు కలిసి శంకరాపరణి అవుతాయి. వరాహనది అన్నా అదే. వీడూరు ఆనకట్ట దగ్గర తొండియారు వచ్చి కలుస్తుంది. అక్కణ్ణుంచి తిరువక్కరై, విల్లియనూరు మీదుగా వచ్చి, సముద్రానికి చేరువలో పాయలుగా విడిపోతుంది. అందులో ఒక పాయ ఒడ్డునే అరికమేడు ఉంది. 1945లో మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వి, రోమన్ సామ్రాజ్యంతో వర్తకం జరిగిన రేవు ఇదని లోకానికి చూపించాడు. కొండకు వెళ్లే ముందు రోజు సాయంత్రం ఈ ఏటి గట్టున కాసేపు నడవండి. మర్నాడు మీరు ఎక్కేది ఈ నీటి పుట్టింటికే.

పుదుచ్చేరి నుంచి జింజి సుమారు 70 కిలోమీటర్లు. తిండివనం మీదుగా తిరువణ్ణామలై వెళ్లే బస్సు పట్టుకోవచ్చు. బోర్డు మీద జింజి తమిళ పేరు సెంజి అని ఉంటుంది. ఊరు దాటగానే రోడ్డుకు ఒక పక్క కృష్ణగిరి, మరో పక్క రాజగిరి కనిపిస్తాయి. మూడోది చంద్రాయనదుర్గం, తుప్పలు కమ్మేసింది. మూడింటినీ కలుపుతూ ప్రాకారం సాగుతుంది. ఆ ఒక్క రోజుకు రాజగిరి చాలు. గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి. మధ్యాహ్నం దాటాక పైకి వదలరు, పైగా ఎండకు కాగిన బండ సాయంత్రం దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

లోపలికి వెళ్లగానే మెట్ల వైపు పరుగెత్తవద్దు. కిందికోటలో ఒక గంట తిరగండి. కల్యాణ మహల్ గోపురం మీకే కనపడుతుంది: నాలుగు వైపులా గదులు, నడుమ అంతస్తు మీద అంతస్తుగా లేచిన చదరపు కట్టడం. దూరాన ఉన్న చెరువు నుంచి మట్టి గొట్టాలతో నీళ్లను ఇక్కడికి తెచ్చి పై అంతస్తులకు ఎక్కించారు. చెరువు మట్టం ఎత్తులో ఉంటే గొట్టంలో నీరు తనంతట తానే పైకి వస్తుందన్న లెక్క అది. ఆ దగ్గర్లోనే ఏనుగుల కొలను ఉంది. పక్కన గుర్రపుశాలలు, కమాను కప్పుల ధాన్యాగారాలు. ఇంకొంచెం నడిస్తే చెట్టికుళం, చక్రకుళం అనే రెండు చెరువులు, కొండ వాలు మీద జారిన వాననీరంతా వచ్చి చేరే చోట. చెరువు ఎక్కడ తవ్వాలో నిర్ణయించినవాడు ముందు ఒక వానాకాలమంతా ఆ వాలును చూసి ఉంటాడు. మామయ్య దృష్టిలో జింజిలో అన్నిటికన్నా గొప్ప కట్టడాలు ఈ రెండు చెరువులే.

రాజగిరి ఎత్తు సుమారు 800 అడుగులు. సగం దారిలో కమలకన్ని అమ్మవారి గుడి వస్తుంది. పైకి పోయేకొద్దీ మెట్లు నిటారవుతాయి, ఒకదాని వెనుక ఒకటి గుమ్మాలు. శిఖరానికి కొద్ది దూరంలో కొండ నిలువునా చీలి పెద్ద అగాధం ఉంది. ఇప్పుడు వంతెన మీదుగా దాటుతారు. అప్పట్లో ఉన్న చెక్కవంతెన లాగేస్తే పైకోట దాని లోకం దానిదే. పైన రంగనాథుడి గుడి, ధాన్యపు కొట్లు, ఒక ఫిరంగి ఉన్నాయి. బండల సందుల్లో ఊటనీళ్లు, వాననీళ్లు నిలిచే దొనలు వెతికి చూడండి. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మనిషికి కనీసం మూడు లీటర్లు కింద నుంచే మోసుకెళ్లాలి.

మన తెలుగువాళ్లకు ఈ కోటతో ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. కోటకు పునాది 1200 ప్రాంతంలో ఆనంద కోను అనే నాయకుడు వేశాడని ఇక్కడి చరిత్ర. విజయనగర కాలంలో ఇది తెలుగు నాయకుల చేతికి వచ్చింది. తుపాకి కృష్ణప్ప నాయకుడి వంశం ఇక్కడి నుంచే ఏలింది. ఇప్పుడు కనిపించే గోడలు, కొట్లు, గుళ్లలో చాలా భాగం వాళ్ల కాలానివే. కిందికోటలోని వేంకటరమణ స్వామి గుడిని ముత్యాలు నాయకుడు కట్టించాడని చెబుతారు. పేరు వింటేనే తెలుస్తుంది తెలుగువాడని. 1649లో బీజాపూరు సైన్యం కోటను గెలిచాక నాయకుల పాలన ముగిసింది. 1677లో శివాజీ వచ్చాడు. 1714లో రాజా తేజ్‌సింగ్ ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్‌తో పోరాడి 22 ఏళ్లకే నేలకొరిగాడు. అతణ్ణే తమిళులు దేశింగు రాజని కథలుగా పాడుకుంటారు. చెట్టికుళం గట్టునే అతడి దహనం జరిగిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

1750 సెప్టెంబరులో ఒక రాత్రి దాడి చేసి ఈ కోటను పట్టుకున్న ఫ్రెంచి సేనాని బుస్సీ. ఏడేళ్ల తరవాత బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీ అతడే. 1761లో కోట ఇంగ్లీషువాళ్లకు పోయింది. ఈ పదకొండేళ్లలో ఫ్రెంచి సైనికులు ఇక్కడ యుద్ధంలో కన్నా జ్వరాలతోనే ఎక్కువగా పోయారు. పుదుచ్చేరి బీచ్‌లో గాంధీ విగ్రహం చుట్టూ నిలబడ్డ చెక్కడపు రాతి స్తంభాలు జింజి నుంచి తెచ్చినవే. వాటిని ముందు చూసి వెళ్తే, వేంకటరమణ స్వామి గుడిలో ఖాళీగా ఉన్న చోట్లు చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. 2025 జులైలో యునెస్కో మరాఠా కోటలు పన్నెండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, వాటిలో తమిళనాడులో ఉన్నది జింజి ఒక్కటే. ఇక మీదటైనా రాయి కదలకూడదు, గోడ మీద పేరు గీయకూడదు. నీ స్నేహితుల్లో ఎవరికైనా ఆ అలవాటుంటే బస్సెక్కక ముందే మాన్పించు.

అడవి కూడా చూడాలన్నావట. జింజికి పడమర పాక్కమలై కొండల్లో రిజర్వు అడవి ఉంది. కోరమాండల్ తీరంలో ఒకప్పుడు విస్తారంగా ఉన్న పొడి సతతహరిత అడవి ఇప్పుడు అక్కడక్కడా మిగిలింది, అందులో ఇదొకటి. చెట్లు ఆకాశాన్ని అంటవు, పొట్టిగా, దట్టంగా, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. అల్లి, పాల, నేరేడు, బలుసు, వాక్కాయ తుప్పలు కనిపిస్తాయి. పుదుచ్చేరి పక్కనే 1968లో ఆరోవిల్ మొదలుపెట్టినవాళ్లు కోసుకుపోయిన ఎర్రమట్టి మీద ఇదే జాతి అడవిని మళ్లీ పెంచారు. విత్తనాల కోసం వాళ్లు ఇలాంటి మిగిలిన అడవి తునకలనే ఆశ్రయించారు. రాలిన ఆకు మందంగా పరుచుకున్న నేల మీద వాన పడితే నీరు ఉరకదు, ఇంకుతుంది. నెలల తరవాత వాగై బయటికి వస్తుంది. ఆ ఆకు కాలిపోతే శంకరాపరణికి వేసవి ముందే నీళ్లుండవు. కాబట్టి అక్కడ పొయ్యి వద్దు, అగ్గిపుల్ల వద్దు, సిగరెట్టు అసలే వద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టవద్దు. అనుమతి దొరికితే దారి తెలిసిన స్థానికుణ్ణి కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. దొరక్కపోతే కోట లోపలి తుప్పల్లోనే ఆ చెట్లలో కొన్ని చూడవచ్చు.

ఇక జాగ్రత్తలు. రాజగిరి మెట్ల మీద కోతులు చేతిలోని సంచి లాక్కుపోతాయి. తినుబండారాలు కనపడేలా పట్టుకోవద్దు, వాటికి పెట్టవద్దు. కొండ చరియలకు, మండపాల కప్పులకు పెర తేనెటీగల పట్టులు ఉంటాయి. వాటి కింద కేకలు, పొగ, ఘాటైన సెంటు పనికిరావు. ఒకసారి లేచాయంటే తలా ముఖమూ కప్పుకుని దూరంగా పరుగెత్తడం తప్ప వేరే మందు లేదు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టవద్దు, రక్తపింజర, కట్లపాము తిరిగే నేల అది. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం, నాటు వైద్యం ఏవీ వద్దు. కరిచిన కాలు కదపకుండా పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. వాన పడ్డ మర్నాడు పాచి పట్టిన బండ మీద అడుగు వేయవద్దు. ఉరుము వినపడిన క్షణాన శిఖరం దిగిపోవాలి. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు.

రెండో రోజు ఉంటే కృష్ణగిరికి ముందు చిన్న నడకలు రెండు చెబుతాను. జింజికి ఉత్తరాన సింగవరంలో కొండను తొలిచి పవళించిన రంగనాథుణ్ణి చెక్కారు. దగ్గర్లోనే తిరునాథర్‌కుండ్రు అనే బండ మీద ఇరవై నలుగురు తీర్థంకరులు రెండు వరుసల్లో ఉన్నారు. చంద్రనంది అనే జైన గురువు 57 రోజులు ఉపవాసం ఉండి అక్కడే తనువు చాలించాడని శాసనం చెబుతుంది. టికెట్టు లేని చోటు, జనం లేని చోటు. మాటలు తగ్గించి నడవండి.

తిరుగు దారిలో వీలు చిక్కితే తిరువక్కరై దిగండి. సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందట వరదలో కొట్టుకొచ్చి ఇసుకలో పూడి రాయిగా మారిన చెట్టు మొద్దులు అక్కడ నేల మీద పడి ఉంటాయి. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు సొన్నెరా 1781లో వీటి గురించి రాశాడు. ముక్క కూడా తీసుకురాకూడదు, చట్టం ఒప్పుకోదు.

దసరా ప్రయాణం మానుకో, అమ్మలూ. ఈ వైపు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా దంచుతాయి, తుపానులు కూడా అప్పుడే. మార్చి దాటితే బండ మీద అడుగు పెట్టలేరు, వాగుల్లో చుక్క ఉండదు. సంక్రాంతి పండగ మూడు రోజులూ మీ అమ్మ దగ్గర చేసుకుని బయల్దేరండి. అప్పటికి దారులు ఆరిపోతాయి, చెట్టికుళం నిండుగా ఉంటుంది, పొద్దున పదింటి దాకా ఎండ ఓర్చుకోగలిగినట్టే ఉంటుంది. ఎంతమంది వస్తున్నారో వారం ముందు ఫోన్ చేసి చెబితే, అటవీశాఖ అనుమతికి దరఖాస్తు మామయ్యే పెట్టిస్తాడు.

ఇట్లు,
మీ మామయ్య