పెత్రమాసకే ఇవ్వు

చి. చిన్నాకు,

మొదటి బోనస్ వచ్చిందని, అందులో పదివేలు ఈ పండగల్లో ఎవరికైనా ఇవ్వాలనుందని మొన్న ఫోన్లో చెప్పావు. విని నాకు కడుపు నిండింది. ఎలా ఇవ్వాలని అడిగావు కదా, అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

మనకు ఎప్పుడు ఇవ్వాలనిపిస్తుందో చూసుకోకు. తీసుకునేవాళ్ళకు ఎప్పుడు పనికొస్తుందో అది చూడు. మీ ఇంట్లో పనిచేసే అమ్మకు సద్దుల బతుకమ్మ నాడు చీర చేతిలో పెడితే ఆమె జాకెట్టు కుట్టించుకునేదెప్పుడు? పండక్కి వారం ముందు నుంచే దర్జీలు కొత్త బట్టలు తీసుకోరు. పిల్లల బట్టలకు అప్పటికే ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చి ఉంటుంది. అదే డబ్బు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాటికి ఆమె చేతిలో పడితే ఆ అప్పే ఉండదు. చీర నువ్వు ఎంచకు, డబ్బే ఇవ్వు. ఎంత అంటావా, ఒక నెల జీతం. ఫ్యాక్టరీల్లో చట్టం ప్రకారం బోనస్ కనీసం 8.33 శాతం అన్న లెక్క నడుస్తోంది, అంటే ఏడాదికి ఇంచుమించు ఒక నెల జీతమే. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఆ లెక్క కట్టేవాళ్ళు లేరు, మనమే కట్టాలి. ఇది మాత్రం నీ పదివేలలోంచి తీయకు. ఏడాదంతా మన గిన్నెలు తోమిన మనిషికి ఇచ్చేది దానం కాదు, బాకీ.

ఇక మీ అపార్టుమెంటు వాచ్‌మన్ సంగతి. సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున వచ్చిన మనిషి అన్నావు కదా. ఒక ఆదివారం అతని పక్కన కూర్చుని జీతం చీటీ చూడు. ఈఎస్‌ఐ కింద జీతంలో 0.75 శాతం కోస్తున్నారా, ఏజెన్సీ తన వంతు 3.25 శాతం కడుతోందా, కార్డులో భార్యాపిల్లల పేర్లు ఎక్కాయా అని అడుగు. నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి మీ ఉప్పల్‌కు కూతవేటు దూరంలో ఉంది. అయినా మందులు మాత్రమే ఇస్తారనుకునే కార్మికులు ఇప్పటికీ ఉన్నారు. జబ్బుపడి డ్యూటీకి పోలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుందని, దానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలని వాళ్ళకు విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. అక్కడి పారిశ్రామికవాడలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒడిశా, బిహార్ పిల్లలకైతే భాష కూడా అడ్డమే. నీకు హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఫోన్లో ఫారాలు నింపడం వచ్చు. పదివేలు ఒక్క నెలలో అయిపోతాయి. నువ్వు దగ్గరుండి ఎక్కించిన పేరు ఆ కుటుంబాన్ని చాలాకాలం కాస్తుంది.

అన్నం పొట్లాలు పంచడం నాకూ ఇష్టమే. కానీ పండగనాడు ఒక్కొక్కరి చేతిలో నాలుగేసి పొట్లాలుంటాయి, మర్నాటి నుంచి ఒక్కటీ ఉండదు. పంచాలనుకుంటే పండగ వెళ్ళిన వారంలో, అదీ రాత్రిపూట, ఆసుపత్రుల్లో రోగికి తోడు వచ్చి వరండాలో పడుకునేవాళ్ళకు పంచు. మంచమ్మీద ఉన్న మనిషికి భోజనం వస్తుంది, తోడు వచ్చినవాళ్ళ ఆకలి అడిగేవాళ్ళు తక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది సంక్రాంతికి. ఆ వారం హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో నీకు తెలుసు. కాలేజీలకు సెలవులు, ఆఫీసులు సగం ఖాళీ. రక్తదాన శిబిరాలు ఎక్కువగా జరిగేది అక్కడే కాబట్టి అవీ తగ్గిపోతాయి. తలసేమియా పిల్లలకు మాత్రం పండగ సెలవు లేదు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే వాళ్ళ ముఖాలు పాలిపోతాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. చాలామందికి బతికినన్నాళ్ళూ ఇదే వరస. ఇలాంటి పిల్లల కోసం 1998లో మన నగరంలోనే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ మొదలైంది. ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా వెళ్ళొచ్చు.

నువ్వు ఊరికి బయల్దేరే ముందే, జనవరి మొదటి వారంలోనే వెళ్ళి రక్తం ఇచ్చి రా. ఎర్రకణాలు కనీసం 35 రోజులు నిల్వ ఉంటాయి కాబట్టి నువ్వు ఊళ్ళో అరిసెలు తినే వేళకు నీ రక్తం ఇక్కడ ఎవరికో ఎక్కుతూ ఉంటుంది. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులకు మించి ఆగవు, వాటికి పండగ వారంలో ఊళ్ళో ఉండేవాళ్ళే దిక్కు. పద్దెనిమిది నిండి, 45 కిలోల పైన బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. తీసేది సాధారణంగా 350 మిల్లీలీటర్లు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఖాళీ కడుపుతో వెళ్ళకు, టిఫిను తిని, నీళ్ళు బాగా తాగి వెళ్ళు. మీ రూములో ఉన్న నలుగురూ ఒకేరోజు ఇవ్వకండి. తలా ఒక నెల పంచుకుంటే ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు.

మిగిలిన డబ్బు ఏదైనా సంస్థకు పంపాలనుకుంటే రసీదు తీసుకో. రెండువేలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే అసలే రాదు. అది చూసి మానేయకు. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయొద్దని మీ స్నేహితులకు గట్టిగా చెప్పు. దుప్పటి అందుకునే తల్లి తన కొడుకు ఫోన్లో ఆ బొమ్మ చూసుకోవాల్సి రావడం చాలా కష్టం రా.

మీ అమ్మకు కూడా ఈ ఉత్తరం చూపించు. చదవగానే తనూ రక్తం ఇస్తానని బయల్దేరుతుంది. దానికి హిమోగ్లోబిన్ తక్కువని నిరుడు డాక్టరమ్మ చెప్పింది, ఒప్పుకోకు.

ఉంటాను,
నీ పెద్దమ్మ