పటం మారింది, లెక్క మారలేదు

మర్రి ఊడ పట్టుకొని ఇద్దరు ఒకరి కింద ఒకరు వేలాడుతున్నారనుకోండి. ఎవరి బరువు వారి చేతుల మీదే ఉంటుంది. కిందివాడు ఊడ వదిలి పైవాడి కాళ్ళు పట్టుకుంటే? ఊడ మోసే బరువు అంతే. పైవాడి పట్టు మీద మాత్రం రెట్టింపు!

అమెరికాలోని కాన్సాస్ సిటీలో, హయత్ రీజెన్సీ హోటల్లో రెండు నడక వంతెనలను ఇలాగే ఒకదాని కింద ఒకటి వేలాడదీయాలి. మొదటి పటంలో రెండింటికీ పైకప్పు నుంచి దిగే ఒకే ఉక్కు కడ్డీలు. అంత పొడవునా మర కోయడం కష్టమని, కింది వంతెనను వేరే కడ్డీలతో పై వంతెనకే తగిలించారు. పటం మారింది గాని, లెక్క మళ్ళీ కట్టలేదు. 1981 జులై 17న రెండూ కూలి 114 మంది చనిపోయారు.

కట్టడం పటం ఎక్కడైనా కనబడితే దాని మూలనున్న చిన్న పట్టిక చూడండి. ఎన్నోసారి మార్చారు, ఏ తేదీన, ఎవరు సరిచూశారు అన్నది అందులోనే రాస్తారు.