కట్టడం, విప్పడం

సికింద్రాబాద్

ప్రియమైన చెల్లికి,

ఒకటో తరగతి నీకే ఇచ్చారని తెలిసి చాలా సంతోషమేసింది. లెక్కల సంగతి అడిగావు కదా, అదొక్కటే రాస్తాను.

పిల్లలు వంద దాకా గడగడా అప్పజెబుతారు. అంతమాత్రాన లెక్కపెట్టడం వచ్చేసిందనుకోకు. ఏడు చింతగింజలు వాళ్ల ముందు పెట్టు. గింజ జరిపినప్పుడల్లా ఒక్క అంకే అంటున్నారా చూడు. అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడుగు. చాలామంది మళ్లీ ఒకటి నుంచి మొదలెడతారు. ఆఖరున అన్న అంకే మొత్తమని వాళ్లకింకా తట్టలేదన్నమాట. వాళ్లను పలక మీదికి తొందరపెట్టకు.

తరవాత చీపురు పుల్లలు. పది కాగానే రబ్బరు బ్యాండు వాళ్లే వేయాలి, నువ్వు కట్టివ్వకు. ఇరవై మూడంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. కట్టడం కంటే విప్పడం ఇంకా ముఖ్యం. రేపు 32లోంచి 15 తీసేసేటప్పుడు 'అప్పు తెచ్చుకో' అంటాం. కట్ట విప్పిన పిల్లలకు ఆ అప్పు ఎక్కడిదో తెలుస్తుంది, మిగతావాళ్లకు అది అర్థం కాని మంత్రమే. పది రూపాయల నోటు ఇప్పుడే వద్దు, దాన్లో పది ఒకట్లు కంటికి కనపడవు. విద్యావేత్త మరియా మాంటిస్సోరి పూసల్లో పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం ఉంటాయి. అక్కడా కిటుకు ఇదే, ఎంతుందో అంతా కనపడుతుంది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, అడయార్‌లో ఉపాధ్యాయులకు తన పద్ధతి నేర్పింది. ఆ పూసలు ఖరీదు, మనకు పుల్లలు చాలు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. 'థర్టీన్' అంటే మూడు ముందు వినపడి 31 రాసేస్తారు. 'ఉంతీస్' అంటే ఇరవై తొమ్మిదని పట్టుకోవడం మరీ కష్టం. ఏ భాషలో చెప్పినా వెంటనే "రెండు పదులు, తొమ్మిది" అని కూడా అనిపించు.

వంద దాటాక నూట మూడుకు ఎవరైనా 1003 రాస్తే ఇంటూ పెట్టకు. విన్నది విన్నట్టే రాశారు పాపం. వంద కట్ట ఒకటి, విడి పుల్లలు మూడు పెట్టించి, మధ్యలో పదుల చోటు ఖాళీగా వదిలించు. సున్నా ఆ ఖాళీకే.

కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా ఒకటో తరగతి చివరికి 99 దాకా చదవడం, రాయడం వస్తే చాలంటుంది. జులైలోనే నోటుబుక్కులు నింపమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఈ మాట చెప్పు.

మోండా మార్కెట్లో చీపుర్లు కొని, పుల్లలన్నీ ఒక్క పొడుగున కత్తిరించి ఉంచుతాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.

ప్రేమతో,
అక్క